సాలు దాటని పల్లకీ

మాంత్రికుడు ధూమనేత్రుడి పొగగుహలో నుంచి రెక్కల గుర్రం పుణ్యమా అని బతికి బయటపడ్డ రాకుమారుడు వసంతధ్వజుడికి చివరికి ఆ గుర్రమూ దక్కలేదు. కొండ దిగుతుండగా మాంత్రికుడు వెనక నుంచి విసిరిన పిడికెడు దుమ్ము తగిలి, పాపం అది రెక్కలు ముడుచుకుని నల్లరాయైపోయింది. అక్కణ్నుంచి మూడు రోజులు కాలినడక. పట్టుపంచె ముళ్లకంపలకు అప్పగించి, గొర్రెల కాపరి దయతలచి ఇచ్చిన గొంగడి కప్పుకుని, నాలుగో రోజు పొద్దెక్కే వేళకు అతను సుద్దకుంట పొలిమేరలో అడుగుపెట్టాడు.

అతను వెతుకుతున్నది భూముద్రికను. పచ్చరాయి మీద నాగలి గుర్తు చెక్కిన ఉంగరమది. శోణపురం రాజు ఆ ఉంగరం అద్దితేనే రైతు చేతిలో ఉన్నది పట్టా, అద్దకపోతే ఉత్త తాటాకు. నెల కిందట ధూమనేత్రుడు దాన్ని రాజుగారి వేలి నుంచే కాజేశాడు. ఆ మర్నాడు రాజ్యమంతటా ఇళ్లలో దాచుకున్న పట్టాల మీది ముద్రలు వాటంతటవే చెరిగిపోయాయి. ఉంగరం తేకుండా కోట గుమ్మం తొక్కనని వసంతధ్వజుడు ప్రతిజ్ఞ చేసి బయల్దేరాడు. ప్రతిజ్ఞ చేయడానికి ఎంతసేపు, అర ఘడియ కూడా పట్టలేదు.

సుద్దకుంట చూడ్డానికి ముచ్చటైన ఊరు. తొలకరికి తడిసిన ఎర్రనేల పసుపు కలిపిన కుంకుమలా మెరుస్తోంది. ఆకాశంలో నీలిమబ్బులు బారులు తీరి, గండభేరుండాలు కొలువు తీరినట్టు కొండల మీద వాలి ఉన్నాయి. అల్లంత దూరాన పాలపిట్టలు నేలను ముద్దాడి లేస్తున్నాయి. విత్తనం పడటానికి ఇంతకంటే మంచి అదను ఏడాదికోసారి కూడా రాదు. అయినా కనుచూపు మేరలో ఒక్క నాగలి కదలడం లేదు. జనమంతా పొలాల గట్ల మీద చేతులు కట్టుకుని నిలబడి, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. ఇదేం వింత అనుకుంటూ రాకుమారుడు ఒక గుడిసె పక్క నుంచి అడ్డంగా నడవబోయాడు.

"ఆగు. కాలు వెనక్కి తియ్యి," అన్నదొక గొంతు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి చూశాడతను. కాలి కింద గుడిసె చుట్టూ గీసిన చిన్న సాలు, అందులో అప్పుడే చల్లిన గోంగూర విత్తనం. గుమ్మంలో ముప్పై అయిదేళ్ల మనిషి, కొంగు నడుముకు బిగించి నిలబడి ఉంది. ఆమె పేరు చెంగలి. మొగుడు పోయి ఆరేళ్లయింది. ఆమెకున్నదల్లా ఒక చెక్క నేల, ఒక ముసలి ఎద్దు.

"విత్తిన సాలు దాటాలంటే విత్తినోళ్లను అడగాల. రాజైనా సరే," అందామె.

రాజైనా సరే అన్న మాట రాకుమారుడికి కొత్త కాదు. భూముద్రికను తొలిసారి తొడిగిన మూలపురుషుడు నాగలి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడట. ఆ ఉంగరం వేలికుండగా, విత్తినవాళ్ల అనుమతి లేకుండా పచ్చి సాలు దాటినా, పల్లకీలో దాటినా, గాల్లో ఎగిరి దాటినా, ఆ చెయ్యి మోచేతి దాకా రాయవుతుంది. తండ్రి ఈ సంగతి చెప్పినప్పుడు వసంతధ్వజుడు ఆవులించాడు. ఇప్పుడు మాత్రం కాలు వెనక్కి తీసి, వినయంగా దండం పెట్టి, తన పేరు మారన అని, కూలి పని కోసం వచ్చానని చెప్పుకున్నాడు. చెంగలి అతని అరచేతులు చూసి, ఈ చేతులు కూలి చేసినవి కావని పసిగట్టింది గానీ, ఆకలితో ఉన్నాడని కూడా పసిగట్టి సంకటిముద్ద పెట్టింది.

ముద్ద తింటూ అడిగితే చెప్పిన కథ ఇది. పట్టాలు చెరిగిపోయాక రాజుగారి పేరున ఒక చాటింపు వచ్చింది. పట్టా లేదు గనక ఇక గట్టురాయే సాక్షి. భూమాపకుడు కొలతాడు పట్టుకుని వచ్చే రోజున, పొద్దు గుంకేలోగా ఎవరు తమ హద్దు చుట్టూ సాలు తోలి, విత్తి, మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలుపుతారో నేల వాళ్లది. మధ్యలో కాడి దించితే ఆ నేల వదులుకున్నట్టే. కలపని నేల కోటది. పరాయి హద్దులో విత్తినవాడికి నేలా లేదు, ఊరూ లేదు. భూమాపకుడు వచ్చే రోజు ఈ రోజే.

రాకుమారుడి చేతిలో ముద్ద ఆగిపోయింది. తన తండ్రి మంచాన పడి నెలయింది, ఇలాంటి చాటింపు ఆయన వేయించలేదని అతనికి ఖాయంగా తెలుసు. మరి ఎవరు వేయించినట్టు? అడిగితే తానెవరో చెప్పాలి. అందుకని వేరే ప్రశ్న వేశాడు. హద్దు తెలుసు కదా, మరి తోలరెందుకని.

తెలిస్తే కదా అందామె. పన్నెండు రోజులుగా మిట్టమధ్యాహ్నం కొండల మీద నుంచి పసుపుపచ్చ దుమ్ము లేస్తోంది. రెండు ఘడియలు చేయి చాస్తే చేయి కనబడదు. అది తగ్గేసరికి గట్టురాళ్లన్నీ చోట్లు మారి ఉంటాయి. నిన్న పెద్దకాపు ఓబులప్ప మడి మధ్యలో ఉన్న రాయి ఇవాళ చెంగలి గుడిసె వెనక ఉంది. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

"చెట్ల గుర్తులైనా ఉండాలి కదక్కా. చింతో మామిడో. ఊళ్లో ఒక్కటీ లేదేం?"

"చెట్టు కాయాలంటే పదేళ్లు. మాకిచ్చేది ఏడాది పట్టా. పదేళ్లు ఈ నేల మాదేనని యెవురు చెప్పినారు? చెట్టూ నాటలేదు, బాయీ తవ్వలేదు. మీ రాజు మమ్మల్ని ఏడాదికోసారి నమ్ముతాడు నాయనా."

మీ రాజు అన్న మాట ములుకులా తగిలింది. ఆ ఏడాది పట్టాల మీద ముద్ర వేసే రోజున కోటలో పాయసం వండేవారు, తనూ తాగాడు. ఆ దుమ్ములో రాళ్లు జరుపుతున్నది ధూమనేత్రుడే, ఇవాళ వాణ్ని రాయితో సహా పట్టుకుంటానని మనసులో అనుకున్నాడు.

మధ్యాహ్నం కానే అయింది. కొండల మీద నుంచి పసుపు దుమ్ము సుడులు తిరుగుతూ దిగి, పొలాలను, గుడిసెలను, ఆకాశాన్ని ఒకే రంగులోకి మార్చేసింది. వసంతధ్వజుడు మొహానికి గొంగడి చుట్టుకుని దుమ్ములోకి దూకాడు. పది అడుగులు వేశాడో లేదో ఎదురుగా ఒక నీడ, దాని చంకలో గట్టురాయి. చిక్కావురా మాయావీ అనుకుంటూ దాని మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లారు. నీడ పిడికిలి రాకుమారుడి దవడ మీద పడింది, రాకుమారుడి మోకాలు నీడ కడుపులో దిగింది. మెడ పట్టి దగ్గరికి లాగి చూస్తే, నెరిసిన మీసాలతో, కన్నీళ్లతో, ఊరి పెద్దకాపు ఓబులప్ప.

ఇతను మాంత్రికుడా? కాదు. మరి చంకలో రాయేంటి? రాకుమారుడి బుర్ర పనిచేయలేదు. ఇంతలో పక్క నుంచి ఇంకో నీడ ఇంకో రాయితో పోయింది. దాన్ని పట్టుకుంటే గొల్లవాడు. అటు చూస్తే ఇంకొకరు, ఇటు చూస్తే మరొకరు. ఆ పచ్చటి చీకట్లో ఊరు ఊరంతా తలా ఒక రాయి మోసుకుని ఒకరికొకరు గుద్దుకుంటూ తిరుగుతున్నారు. చిట్టచివరికి అతని భుజానికి తగిలిన నీడ చెంగలి. ఆమె చేతుల్లోనూ రాయి ఉంది.

"నువ్వు కూడానా అక్కా?"

చెంగలి రాయి కింద పడేసి కూలబడింది. దుమ్ము తగ్గాక ఒకరి తర్వాత ఒకరు తల వంచుకుని చెప్పుకున్నారు. మొదటి రోజు రాళ్లు నిజంగానే మాయతో కదిలాయి. రెండో రోజు నుంచి, మాంత్రికుడు జరిపిన రాయిని తిరిగి సరైన చోట పెడదామని ఎవరికి వారు దుమ్ములో బయల్దేరారు. అంతకు ముందే పక్కవాడు సరిచేసిన రాయిని వీళ్లు సరిచేశారు, వీళ్లు సరిచేసిన దాన్ని ఇంకొకరు. మొదటి రోజు తర్వాత రాళ్లను కదిపింది మాయా కాదు, మంత్రమూ కాదు. ధూమనేత్రుడు ఒక్క రోజు పని చేసి చేతులు దులుపుకున్నాడు, మిగతా పదకొండు రోజులు ఊరే వాడికి వెట్టి చేసింది.

తెలిసినంత మాత్రాన హద్దులు తిరిగి వస్తాయా. పొద్దు వాలడం మొదలైంది. నా రాయి నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని గట్టు మీద అరుపులు లేచాయి. ఓబులప్ప, చెంగలి మొహాలు చూసుకోలేక చెరో వైపు తిరిగారు. పూర్వులు రాయి పాతేటప్పుడు గుంటలో బొగ్గులు పోసేవారని, ఆ బొగ్గు దొరికితే అసలు హద్దు దొరికినట్టేనని ఒక ముసలాయన అన్నాడు. కానీ ఎక్కడని తవ్వడం, ఊరంతా తవ్వేలోపు పొద్దు ఆగుతుందా.

ఏం చేయాలో పాలుపోక రాకుమారుడు కొట్టం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అక్కడ చెంగలి ఎద్దు, బూదోడు, బూడిద రంగు ఒళ్లంతా ఎముకలే అయినవాడు, తీరిగ్గా నెమరేస్తున్నాడు. ఈ గొడవలో కలవరపడని ప్రాణి అదొక్కటే. దాన్ని చూస్తుంటే రాకుమారుడికి ఉన్నట్టుండి ఒక సందేహం వచ్చింది. ఇది ఎన్నేళ్లుగా ఈ మడి దున్నుతోందని అడిగాడు. పద్నాలుగేళ్లని చెప్పింది చెంగలి. మడి చివరికి వచ్చినప్పుడు దాన్ని ఎవరు తిప్పుతారు?

"యెవురూ తిప్పరు. దానంతటదే తిరుగు..." అని ఆగిపోయిందామె.

ఇక చూడండి పరుగు. నాగలి వచ్చింది, మోకులు వచ్చాయి. కానీ కాడికి రెండో వైపు ఎవరు? జత ఎద్దు పోయినేడు కరువుకు పోయింది. ఊళ్లో తన ఎద్దును ఇచ్చే ధైర్యం ఎవరికీ లేదు, పరాయి హద్దులో అడుగుపెడితే తమ నేల కూడా పోతుందని భయం. వాళ్లను అనలేం. శోణపుర సింహాసనానికి వారసుడు, ఏడుగురు గురువుల దగ్గర ధనుర్విద్య నేర్చినవాడు, గొంగడి తీసి పక్కన పెట్టి కాడి కింద మెడ పెట్టాడు. బూదోడు ఒకసారి పక్కకు తిరిగి కొత్త జతను ఎగాదిగా చూసి, పెద్దగా నచ్చినట్టు లేదు గానీ, ఊరుకున్నాడు.

చెంగలి ఇంట్లో ఒక్క మూట కొర్రలున్నాయి. తింటే రెండు నెలలు గడుస్తుంది. విత్తితే, నేల తనదైతే, ఏడాది గడుస్తుంది. తనది కాకపోతే రెండూ లేవు. ఆమె మూట విప్పి ఒడిలో పోసుకుంది. ఒక్క గింజ కింద పోనివ్వలేదు. ఎడమ చేత్తో నాగలి మేడి పట్టుకుంది.

"నువ్వు లాగద్దు, వాడు పోయే దిక్కుకు పో," అంది రాకుమారుడితో.

ఏటా దున్నడం మొదలుపెట్టే కొట్టం మూల నుంచి బూదోడు నడిచాడు. ఎదురొచ్చిన గట్టురాయిని పట్టించుకోకుండా పక్క నుంచి పోయాడు. ఇంకో రాయి దాటాడు. గట్టు మీద జనం కూడా వెంట కదిలారు. దాదాపు ఎనభై అడుగులు వేసి, ఏ గుర్తూ లేని చోట, వాడు ఆగి కుడివైపు తిరిగాడు. తిరిగే చోట నాగలికర్రు నేలలో లోతుగా దిగింది, ఎర్రమట్టితో పాటు నల్లగా ఏదో పైకి తేలింది. ఓబులప్ప వంగి చేతిలోకి తీసుకుని నలిపాడు. బొగ్గు.

ముసలాయన ఒక్కడు నేలకు దండం పెట్టాడు. చెంగలి కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి మొహం రాసుకుంది.

రెండో పక్క తోలుతుండగా తూర్పు నుంచి బాకాలు వినిపించాయి. నలుగురు బోయీలు మోస్తున్న పల్లకీలో భూమాపకుడు ఊడిపడ్డాడు. జరీ తలపాగా, ఏడు పేటల ముత్యాలు, పల్లకీకి నెమలికన్నుల తెరలు, ముందు వెండిబెత్తం, వెనక కొలతాడు చుట్ట. ఎవరి పొలంలోనూ దిగడం తన హోదాకు తగదని, రాళ్ల ప్రకారం ఎవరిదీ కాని బీడులో పల్లకీ దించమన్నాడు. రాళ్ల ప్రకారం అది బీడే. మూడో మూల దగ్గర బూదోడు మళ్లీ తిరిగినప్పుడు, మళ్లీ బొగ్గు తేలినప్పుడు గానీ తెలియలేదు, పల్లకీ దిగింది చెంగలి మడి నడిమధ్యలోనని.

మూడో పక్క పల్లకీకి దగ్గరగా సాగింది. తెర సందులోంచి ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. ఆ వేలికి పచ్చరాయి, రాయి మీద నాగలి. వసంతధ్వజుడు కాడి కిందనే మెడ తిప్పి చూశాడు. తెర తొలిగింది. లోపల ఉన్న మొహం ఎవరిదో అతను ఎరగడు, కానీ కనుపాపల చోట సుడులు తిరుగుతున్న పొగను మాత్రం ఎరుగును. ఆ పొగ కూడా అతన్ని ఎరిగింది.

"పల్లకీ ఎత్తండి," అన్నాడు భూమాపకుడి వేషంలోని ధూమనేత్రుడు.

ఇప్పుడేం చేయాలి? కాడి విడిపించుకుని నాలుగంగలు వేస్తే ఉంగరం చేతికందుతుంది. నెలరోజులుగా చావు తప్పించుకుంటూ తిరిగింది దీనికోసమే. కానీ కలవకముందే కాడి దించితే మడి వదులుకున్నట్టే. కోట చాటింపు దొంగదే కావచ్చు, ఊరు దాన్ని నమ్మింది. ఆమె ఉన్న గింజలన్నీ మట్టిలో పోసింది. కాడి దించితే చెంగలి మడి పోతుంది, దించకపోతే తన రాజ్యం పోతుంది. ఏది ఎక్కువో, ఏది తక్కువో అతనికి తెలియలేదు. ఆ క్షణంలో అతని తల పసుపు దుమ్ముతో నిండినట్టయింది. మెడ మీద కాడి ముందుకు లాగింది. బూదోడు ఎవరి కోసమూ ఆగే రకం కాదు. వాడి వెంట రాకుమారుడు నడిచాడు.

బోయీలు పల్లకీతో తూర్పుకు పరిగెత్తారు. మూడు వైపులా సాలు పడింది, తూర్పు వైపే ఖాళీ. బూదోడు నాలుగో మూల తిరిగాడు. రాకుమారుడు తొందరపెడితే వాడు తల ఒక్క ఊపు ఊపి అదే నడక నడిచాడు. పల్లకీ దగ్గరైంది. మిగిలింది పది బారలు, ఆరు, మూడు. ముందున్న బోయీ కాలెత్తిన క్షణాన నాగలికర్రు మొదటి మూలను తాకింది. సాలు కలిసింది. చెంగలి ఒడిలోని ఆఖరి గింజలు అందులో పడ్డాయి. బోయీ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, వెనక్కి తీసి, పల్లకీని నేల మీద దించేశాడు. అతనూ రైతుబిడ్డే.

ధూమనేత్రుడు తిట్టాడు, బెత్తంతో కొట్టాడు, చివరికి తనే దిగి సాలు దాకా వచ్చి ఆగిపోయాడు. ఉంగరం ఉన్న వేలు అప్పుడే రాయిలా చల్లబడుతోంది. దాన్ని తీసి పారేస్తే దాటొచ్చు, కానీ దాని కోసమే కదా ఇన్ని వేషాలు. వాడు మొహం మార్చి, చెంగలికి చేతులు జోడించాడు. దారి ఇమ్మన్నాడు. ఇస్తే ఇప్పుడే, ఇక్కడే, ఏడాది పట్టా కాదు, సూర్యచంద్రులున్నంత కాలం చెల్లే పట్టా రాసి ముద్ర వేస్తానన్నాడు.

"నా ఒక్కదానికేనా?" అందామె.

ఊరందరికీ అన్నాడు వాడు. గట్టు మీద జనంలో గాలి తగిలిన చేనులా కదలిక వచ్చింది. ఎవరో అప్పటికే తాటాకుల కోసం పరిగెత్తారు. చెట్లు నాటుకోవచ్చు, బావులు తవ్వుకోవచ్చు. తాతల నాటి నుంచి ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే. చెంగలి ఆ పచ్చరాయి వైపు చాలాసేపు చూసింది. తర్వాత కాడి కింద రొప్పుతున్న మనిషి వైపు తిరిగింది.

"నీ చేతులు కూలోడి చేతులు కాదు. నీకు తెలిసుంటాది. ఈ ముద్ర చెల్లుతాదా?"

ఊరంతా అతని నోటి వైపు చూసింది. చెల్లుతుందంటే ఊరు ఈ పూటకు సంతోషిస్తుంది, దొంగ ఉంగరంతో పోతాడు. చెల్లదంటే చేతికొచ్చిన పట్టాను నేలపాలు చేసినవాడవుతాడు, రాళ్లతో కొట్టినా కొడతారు. రాకుమారుడు ఎద్దు పక్కన ఎద్దులాగే వంచిన తల పైకెత్తాడు.

"చెల్లదక్కా," అన్నాడు. "దొంగ చేతి ముద్ర చెల్లదు. ఆ ఉంగరం మా నాన్నది. మీకు ఏడాది పట్టాలిచ్చింది ఆయనే."

తాటాకులు తెచ్చినవాడు వాటిని కింద వదిలేశాడు. పొరబాటు చేశానేమో అనుకున్నాడు రాకుమారుడు. ధూమనేత్రుడు నవ్వి, పెదాలు కదిలించి ఏదో మంత్రం మొదలుపెట్టాడు. కొండల మీద పసుపు దుమ్ము మళ్లీ లేచింది.

చెంగలి మేడి గట్టిగా పట్టుకుంది.

"అయితే కాడి దించొద్దు," అంది. "లోపల ఇంకో సాలు తోల్దాం. వాడి కాళ్ల దాకా తోల్దాం. ఉంగరమన్నా తియ్యాల, రాయన్నా కావాల."

అని ఒడి తడుముకుంది. ఒక్క గింజ లేదు. అప్పుడు ఓబులప్ప గట్టు దిగాడు. సాలు అంచున ఆగి, దాటమంటావా అమ్మా అని అడిగాడు. ఆమె తలూపాక దాటి వచ్చి, తన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క విత్తనాల మూటను ఆమె ఒడిలో కుమ్మరించాడు. వెనక గట్టు మీద ఇంకా కొన్ని మూటలు భుజాలకెక్కుతున్నాయి. దుమ్ము మొదటి తెర వచ్చి అందరి మొహాలను కప్పేసింది. దారి కనబడక రాకుమారుడు తడబడ్డాడు గానీ, బూదోడు అప్పటికే అడుగు వేశాడు.